‘వస్తాను’ అని నొక్కిన తల్లులు తీరా రాలేకపోతుంటే యాప్‌లో ఏ ఫీచర్ పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: అపార్ట్‌మెంట్ యాప్‌లో పండగలు, పేరంటాలు, పుట్టినరోజుల ఆహ్వానాలు పెడుతున్నారు. చిన్నపిల్లల తల్లులు ‘వస్తాను’ అని నొక్కుతున్నారు గానీ ఆ సమయానికి కనబడట్లేదు. క్యాలెండర్, ఇంకో రెండు రిమైండర్లు పెడితే సరిపోతుందా అని.

సరిపోదు. వాళ్ళెవరూ మర్చిపోవట్లేదు. సద్దుల బతుకమ్మ ఎప్పుడో ఏ తల్లికీ గుర్తుచేయక్కర్లేదు. ఆ రెండు గంటలు పిల్లల్ని ఎవరు చూస్తారో తేలకపోవడం వల్లే ఆగిపోతున్నారు. మీ శ్రమంతా అక్కడే పెట్టండి.

ముందు జవాబు బటన్లు మార్చండి. ‘వస్తాను’, ‘రాలేను’తో పాటు ఇంకో రెండు కావాలి: ‘కాసేపు వస్తాను’, ‘పిల్లల్ని చూసేవాళ్ళుంటే వస్తాను’. ‘కాసేపు వస్తాను’ పనిచేయాలంటే ఆహ్వానంలో అసలు సమయాలు ఉండాలి. ‘సాయంత్రం 6 గంటలకు’ అని ఒక్క ముక్క రాస్తే, 6కి వచ్చిన తల్లి ఏడుంపావు దాకా ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, ఆట మొదలయ్యేసరికి పిల్లాడికి నిద్రవేళై వెళ్ళిపోతుంది. కార్డు మీద ఇలా ఉండాలి: ‘బతుకమ్మ పేర్చడం 4:30. ఆట 7:00 నుంచి 8:30. సద్దులు, మలీద పంచేది 8:30. పిల్లల్ని తీసుకురావచ్చు. పాలిచ్చే తల్లులకు క్లబ్‌హౌస్ పక్క గది తెరిచి ఉంటుంది.’ ఈ గడులన్నీ నింపందే ఆహ్వానం వెళ్ళకుండా చేయండి. నిర్వాహకులు విసుక్కుంటారు, అయినా సడలించకండి. నలభై నిమిషాలే చేతిలో ఉన్న మనిషికి ఏ నలభై నిమిషాలో తెలియాలి కదా.

‘పిల్లల్ని చూసేవాళ్ళుంటే వస్తాను’ బటన్ ఈ ఫీచర్‌కి ప్రాణం. అది నొక్కగానే అభ్యర్థన ముందు వెళ్ళాల్సింది పక్కింటికి కాదు, భర్త ఫోన్‌కి. ‘శుక్రవారం 6:45 నుంచి 8:45 దాకా పిల్లలు మీ దగ్గర. సరేనా?’ అని, కింద ‘సరే’, ‘కుదరదు’. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్ళు పెట్టింది 88. ఆయన ‘సరే’ అంటే ఆ సమయం ఆయన క్యాలెండర్లోకి కూడా ఎక్కాలి, లేకపోతే ఆఫీసు మీటింగ్ వచ్చి పడుతుంది. ఒక ఇంటికి ఇద్దరి లాగిన్ పెట్టడం చౌకైన పని, ఫలితం మాత్రం పెద్దది. ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే తల్లులకి ఈ మెట్టు కనబడనే కూడదు. ఇంట్లో అత్తగారు ఉంటే ఆవిడకి యాప్ నుంచి ఏమీ పంపకండి. అది కోడలు నోటితో అడగాల్సిన మాట. నోటిఫికేషన్‌గా వెళితే హుకుం జారీ చేసినట్టుంటుంది.

ఇంట్లో కుదరకపోతే అప్పుడు పొత్తు ఇళ్ళు. తల్లి తానే ఎంచుకున్న మూడు నుంచి ఐదు ఇళ్ళు, అదీ ఇరువైపులా ఒప్పుకుంటేనే. కమ్యూనిటీ మొత్తానికి ‘ఎవరైనా చూస్తారా’ అని వెళ్ళే పద్ధతి పెట్టకండి. ఎవరో తెలియని ఇంటికి పిల్లని ఏ తల్లీ పంపదు. ఎవరు కాదన్నారో అడిగినావిడకి కనబడకూడదు, లేకపోతే లిఫ్టులో మొహాలు చూసుకోలేరు. వేడుకకి 24 గంటల ముందు దాకా ఎవరూ ఒప్పుకోకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పేయండి, ఆశపెట్టి ఉంచొద్దు.

ఎవరు ఎన్ని గంటలు చూశారో లెక్క పెట్టాలా అంటే, పెట్టాలి, కానీ జాగ్రత్తగా. వాషింగ్టన్‌లోని క్యాపిటల్ హిల్‌లో దాదాపు 150 జంటలు ఇలాగే పిల్లల్ని మార్చి చూసుకునే సంఘం పెట్టుకుని, చూసినవాళ్ళకి అరగంటకో కూపన్ ఇచ్చుకునేవారు. 1977లో స్వీనీ దంపతులు దాని గురించి రాసిన వ్యాసం ఆర్థికశాస్త్రంలో బాగా పేరుపడింది. కూపన్లు తక్కువయ్యేసరికి అందరూ దాచుకోవడం మొదలుపెట్టారు, బయటికి వెళ్ళేవాళ్ళు తగ్గారు, దాంతో కూపన్ సంపాదించే దారీ మూసుకుపోయింది. ఎక్కువ కూపన్లు వదిలాక కదలిక వచ్చింది. మరీ ఎక్కువయ్యాక చూసేవాళ్ళు కరువయ్యారు. అందుకని చేరగానే ప్రతి ఇంటికీ 6 గంటలు ఇవ్వండి, మైనస్ 4 దాకా పోనివ్వండి, ఆరు నెలలకోసారి మళ్ళీ 6కి తెచ్చేయండి. అంకె ఆ ఇంటికి మాత్రమే కనబడాలి. ర్యాంకులు, బ్యాడ్జీలు వద్దేవద్దు.

పిల్లల వివరాలు: పిలిచే పేరు, వయసు, తినకూడనివి (‘పల్లీలు పడవు’ లాంటివి), తీసుకెళ్ళడానికి వచ్చేది ఎవరు. ఇంతే. ఫోటో, లొకేషన్ అడగకండి. వేడుక అయిన మర్నాడు చెరిపేయండి. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోదగ్గ పద్ధతిలో తీసుకోవాలి, పిల్లల కదలికల మీద నిఘా కూడదు. లాయరుకి ఒకసారి చూపించండి.

రిమైండర్లు రెండు చాలు. ముందురోజు రాత్రి 9 తర్వాత ఒకటి, బయల్దేరే గంట ముందు ఒకటి. ఉదయం 7:30కి పంపితే టిఫిన్ బాక్సుల హడావిడిలో తోసేస్తారు. రెండోది ఆలస్యంగా వస్తే దండగ, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు: ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసిన యాప్‌కి కచ్చితమైన సమయానికి అలారం పెట్టే అనుమతి మామూలుగా ఉండదు, పైగా కొన్ని ఫోన్ల బ్యాటరీ సేవర్ వెనకాల నడిచేవాటిని ఆపేస్తుంది. ఫోన్‌లోని అలారం మీద ఆధారపడకుండా సర్వర్ నుంచి ఫైర్‌బేస్ (ఫోన్లకి నోటిఫికేషన్లు పంపే గూగుల్ సేవ) ద్వారా హై ప్రయారిటీ మెసేజ్ పంపండి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి అనుమతి అడగాలి. యాప్ తెరవగానే కాదు, ఆవిడ మొదటిసారి ‘వస్తాను’ నొక్కినప్పుడు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

సాయంత్రం ఐదింటికి పిల్లకి జ్వరం వచ్చిందనుకోండి. ‘రాలేకపోతున్నాను’ అని ఒక్క నొక్కుతో అయిపోవాలి. కారణం అడిగే గడి పెట్టొద్దు. చూస్తానన్న ఇంటికి వెంటనే తెలియాలి, నిర్వాహకులకి అంకె ఒకటి తగ్గాలి, మిగతా ఎవరికీ ఏమీ కనబడకూడదు.

కోడ్ రాసే ముందు పన్నెండు ఇళ్ళతో రెండు వేడుకలకి చేత్తో నడిపి చూడండి. శ్రావణ శుక్రవారం పేరంటం మంచి పరీక్ష: ఒకే సాయంత్రం నాలుగైదు ఇళ్ళ పిలుపులుంటాయి. వాట్సాప్‌లో విడివిడిగా అడిగి (గ్రూప్ పోల్ పెడితే ఎవరేం చెప్పారో అందరికీ కనబడుతుంది), ఒక షీట్‌లో రాసుకోండి. లెక్కించాల్సింది ‘వస్తాను’ అన్నవాళ్ళని కాదు. ‘చూసేవాళ్ళుంటే వస్తాను’ అన్నవాళ్ళలో ఎందరు నిజంగా వచ్చారు, వాళ్ళలో ఎందరు రెండో వేడుకకీ అదే బటన్ నొక్కారు అన్నది చూడండి. మొదటిసారి వచ్చి రెండోసారి అడగకపోతే, పిల్లల్ని అప్పగించే దగ్గర ఏదో ఇబ్బంది పడ్డారన్నమాట. ఆ తల్లులకి ఫోన్ చేసి మాట్లాడండి.