ముందు ఇంగ్లీషును లిస్టులోంచి తీసెయ్యకు

పర్లాకిమిడి

అమ్మడూ,

నువ్వు కాశీనగర్‌లో లైబ్రరీ పిల్లల కోసం పన్నెండు పాత కంప్యూటర్లకి విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కిస్తున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో చెప్పింది. వాళ్ళచేత తెలుగు కొట్టిస్తావట. సంతోషం పట్టలేక మీ అత్తయ్యని నిద్రలేపి మరీ చెప్పాను. ఆవిడ మళ్ళీ పడుకుంది, నాకే నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారకుండానే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు. లైనక్స్‌లో తెర రూపం గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే, తెలుగు కొట్టడానికి కావలసిన ఐబస్ అనే ప్రోగ్రాం అందులోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గరికెళ్ళి ఇన్‌పుట్ సోర్సుల్లో తెలుగు కలుపు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కావాలంటే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వెయ్యి. కేడీఈ ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్, అదీ తెర మీద బొమ్మ చూపే కొత్త పద్ధతి వేలాండ్ మీద అయితే, ఐబస్ లాంటిదే ఎఫ్‌సిటిక్స్ 5 వేసి, సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డు దగ్గర దాన్ని ఎంచుకో. పేరు చూసి కంగారు పడకు, అక్కడే ఉంటుంది.

ఐబస్, ఎఫ్‌సిటిక్స్ రెండూ ఒకే మెషిన్లో పెట్టకు. వేలాండ్‌కి ముందున్న పాత ఎక్స్11 సెషన్లో జీటీకే ఐఎం మాడ్యూల్, క్యూటీ ఐఎం మాడ్యూల్, ఎక్స్‌మాడిఫయర్స్ అని మూడు వేరియబుల్స్, అంటే ఏ టైపింగ్ ప్రోగ్రాం వాడాలో చెప్పే సెట్టింగులు, ఉంటాయి. అవి ఒకటి ఒకరిని, ఇంకొకటి ఇంకొకరిని చూపిస్తే బ్రౌజర్లో తెలుగు పడుతుంది, పక్క ప్రోగ్రాంలో పడదు. మార్చాక లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి. అది మర్చిపోయి నేను ఒక పూటంతా కీబోర్డుని తిట్టాను.

నువ్వు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతావని తెలుసు. పిల్లలకి మాత్రం మన దేశ భాషలన్నిటికీ ఒకేలా ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పు. వాళ్ళకి బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు కదా. ఇన్‌స్క్రిప్ట్‌లో కె నొక్కితే తెలుగులో క, ఒడియాకి మార్చి అదే నొక్కితే ఒడియా క. మన సరిహద్దు వాళ్ళ కోసమే చేశారా అనిపిస్తుంది. సవర పిల్లలు కూడా వస్తారేమో, సవర భాష రాసే సోరా సొంపెంగ్ లిపికి నోటో అనే ఉచిత ఫాంట్లలో ఒకటుంది, అది వేసి ఉంచు. మంగేయి గొమాంగో 1936లో కట్టిన ఆ లిపి 2012లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే లిపుల పట్టికలోకి, వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకున్న ఊరు మనది, ఆ మాత్రం చెయ్యకపోతే బావుండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

పదమూడేళ్ళ కిందట మీ అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ మంగళహారతులూ అప్పగింత పాటలూ కంప్యూటర్లో ఎక్కించాను. నలభై మూడు పాటలు. ఒక్కో చరణం మూడు రకాలుగా పాడేది, ఏది సరైనదమ్మా అంటే మూడూ అనేది. ఆవిడ పోయిన నెలకి నాకొక ఊపు వచ్చింది. ఇంక నేను కొట్టేది తెలుగే కదా, ప్రతిసారీ భాష మార్చడం ఎందుకని సిస్టమ్ మొత్తానికి కీబోర్డు తెలుగు చేసి, ఇంగ్లీషుని లిస్టులోంచి తీసేశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆపేసి పడుకున్నాను.

పొద్దున్న పాస్‌వర్డ్ కొడితే తప్పు అంది. మళ్ళీ కొట్టాను, తప్పే. తెర మీద కనబడేవి చుక్కలే కదా! వాటి వెనకాల కె బదులు క, హెచ్ బదులు ప పడుతున్నాయని నా బుర్రకి తట్టలేదు. డిస్కు పాడైందనుకున్నాను. ఒక పెళ్ళి కార్డు సాయంత్రానికి ఇవ్వాలి, ఆ టెన్షన్లో లైనక్స్ డీవీడీ పెట్టి, మొత్తం డిస్కు చెరిపి కొత్తగా ఎక్కించేశాను. అది సగానికి వచ్చాక పాటలు గుర్తొచ్చాయి.

ఆ డీవీడీతోనే, డిస్కులోకి ఎక్కించకుండా ఊరికే బూట్ చేసి, అంటే డీవీడీ మీదనుంచే కంప్యూటర్ని నడిపి ఉంటే చాలు. పాటలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, కీబోర్డు ఫైల్లో ఒక్క మాట మార్చి ఉంటే పది నిమిషాల పని. పెళ్ళి కార్డు కోసం మా అమ్మ గొంతుని చెరిపేశానమ్మా. ఇంకెలా చెప్పాలో నాకు తెలీదు.

అందుకని పన్నెండింట్లోనూ ఇంగ్లీషే మొదటి వరసలో ఉండాలి, తెలుగు రెండోది, ఒడియా మూడోది. లాగిన్ తెర మూలలో ఏ భాష ఉందో చూడటం పిల్లలకి మొదటి రోజే చెప్పు. బూటయ్యే పెన్‌డ్రైవ్ ఒకటి లైబ్రరీ బీరువాలో పెట్టు. పిల్లలు రాసింది వారం వారం వేరే చోటికి కాపీ చెయ్యి. రేపు చేద్దాంలే అంటావు, నీ సంగతి నాకు తెలీదా! పోనీ, కోప్పడటం లేదు.

ఇంకొకటి. కాశీనగర్‌లో అని కొడితే కాశీనగర్లో అయిపోయి ర కింద ల చేరుతుంది. ఆ రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం వెయ్యాలి. మీ ఊరి పేరే కాబట్టి ముందు అదే ఎదురవుతుంది.

ఎప్పుడో ప్రింటు తీసిన కాగితాల్లో పదకొండు పాటలు మిగిలాయి. వాటి జెరాక్సు కాపీలు ఈ కవర్లోనే పెట్టాను. మొదటి కంప్యూటర్ సిద్ధం కాగానే అందులో కొట్టి చూడు. ఐదో పాటలో ఋ వస్తుంది, ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్టు పట్టుకుని ఈక్వల్ గుర్తు నొక్కాలి.

మీ మావయ్య