రెండర్ 18 రోజులు పడుతుందనా? కార్డ్ కొనకు తమ్ముడూ

6 నిమిషాల యానిమేషన్ సినిమా, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ ఇంజిన్‌తో ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి (అంటే కంప్యూటర్ దాన్ని ఫైనల్ బొమ్మగా తయారుచెయ్యడానికి) 3 నిమిషాలు పడుతోంది, ఉన్న 40 వేలూ పెట్టి గ్రాఫిక్స్ కార్డ్ కొనేయనా అన్నావు కదా, ఆగు.

సెకనుకి 24 చొప్పున 8640 ఫ్రేములు, అంటే లాప్‌టాప్ ఆపకుండా 18 రోజులు నడవాలి, అదీ గుంటూరు ఎండల్లో. ముందు ఈవీకి మారు, అది బ్లెండర్‌లోనే ఉన్న ఇంకో ఇంజిన్, చాలా వేగంగా రెండర్ చేస్తది. తక్కువరకం అనుకోకు, 2025లో ఆస్కార్ తెచ్చుకున్న లాత్వియా సినిమా ఫ్లో కూడా ఈవీలోనే రెండర్ చేశారు. తర్వాత బొమ్మనీ కెమెరానీ రెండేసి ఫ్రేములకోసారే కదిలించి, రెండర్ స్టెప్ 2 పెట్టు (ఒక ఫ్రేము వదిలి ఒకటి రెండర్ అవుద్ది), పని సగానికి సగం తగ్గిపోద్ది. ఎడిటింగ్‌లో ఒక్కో ఫ్రేము రెండుసార్లు వచ్చేలా చూసుకో.

ఇంకోటి, డైరెక్ట్‌గా వీడియో ఫైల్‌కి రెండర్ కొట్టకు, ఒక్కో ఫ్రేమూ విడి పీఎన్‌జీ బొమ్మ ఫైలుగా తియ్యి. బెజవాడలో మా రూములో తెల్లారుజామున కరెంటు పోయి రాత్రంతా నడిచిన ఫైలు తెరుచుకోకుండా పోయింది నాకు, ఆ బాధ నీకొద్దు. పీఎన్‌జీ అయితే ఆగిన ఫ్రేము నుంచే మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

అసలు రెండర్ కంటే ముందు పెన్సిల్ గీతలతో యానిమాటిక్, అంటే సినిమా మొత్తానికి కచ్చా వీడియో, కట్టి, నీ గొంతుతోనే డైలాగులు పెట్టి ఇంట్లోవాళ్ళకి చూపించు, ఎక్కడ ఫోన్ వైపు చూస్తారో అక్కడ కత్తెర వెయ్యి, నా అంచనాలో 4 నిమిషాలకి దిగుద్ది. నడకలు కష్టమైతే మన తోలుబొమ్మలు గమనించు, భుజం, మోచెయ్యి దగ్గర కీళ్ళు కట్టిన ముక్కలే, కానీ ఎంత ప్రాణం ఉంటదో!

మిగిలిన డబ్బులు సౌండ్‌కి పెట్టు. తెనాలిలో నాటకాలు వేసేవాళ్ళని గొంతు అడుగు, డబ్బులిచ్చే అడుగు. యానిమాటిక్ అయ్యాక ఇక్కడ పెట్టు, చూస్తా.