మ్యాంగో ‘పై’ క్రస్ట్ గట్టిగా వస్తోందా? పిండి పిసకడం మానెయ్యండి

ప్రశ్న: మామిడి పళ్ల కాలం కదా అని ఇంట్లో ఓటీజీలో మ్యాంగో పై చేస్తున్నాను. లోపల పెట్టే మామిడి గుజ్జు బాగానే కుదురుతోంది, కానీ దాని చుట్టూ ఉండే పిండి పొర, అదే క్రస్ట్, అంచుల్లో కొరకలేనంత గట్టిగా, అడుగున పచ్చిగా ఉంటోంది. పిండిని చపాతీలకు కలిపినట్టే మెత్తగా కలిపి నానబెడుతున్నాను, వెన్న బదులు నెయ్యి వేస్తున్నాను. పిల్లలు లోపలిది తినేసి అంచులు వదిలేస్తున్నారు. ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు ఆ పిసకడం మానెయ్యండమ్మా. మైదాలో నీళ్లు పోసి పిసికేకొద్దీ గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ పెరిగి పిండికి సాగుడు వస్తుంది. చపాతీకి అదే కావాలి, ‘పై’ క్రస్ట్‌ని గట్టిపరిచేదీ అదే. ముద్ద అంటుకుని నిలిస్తే చాలు, పైకి గరుకుగా కనిపించినా పర్వాలేదు.

రెండోది నెయ్యి. నెయ్యితో గుల్లతనం వస్తుంది గానీ పొరలు రావు, ఎందుకంటే అందులో నీరు ఉండదు. వెన్నలో సుమారు 16 శాతం నీరు ఉంటుంది, ఓవెన్ వేడికి అది ఆవిరై పిండిని పొరలుగా పైకి లేపుతుంది, మడత కాజా విప్పితే పొరలు కనిపిస్తాయే, అలా. అయితే పిండి ఓవెన్లోకి వెళ్లేదాకా ఆ వెన్న ముక్కలుగానే ఉండాలి. 32 నుంచి 35 డిగ్రీలకల్లా వెన్న కరిగిపోతుంది, మే నెలలో మన వంటింట్లో అంతకన్నా ఎక్కువ వేడే ఉంటుంది కాబట్టి ఈ పని పొద్దున్నే పెట్టుకోండి, మైదా, గిన్నె కూడా కాసేపు ఫ్రీజర్‌లో ఉంచండి.

మైదా 250 గ్రాములు, గట్టిగా ఉన్న వెన్న 150 గ్రాములు తీసుకోండి. ఉప్పు వెన్నయితే వేరే ఉప్పు వద్దు. వెన్నని బఠాణీ గింజంత ముక్కలయ్యేలా వేళ్ల కొసలతో త్వరగా మైదాలో కలిపి, ఐసు నీళ్లు 60 మిల్లీలీటర్లు చల్లండి, ఇంకా పొడిపొడిగా ఉంటేనే ఒక్కో చెంచా చొప్పున పెంచండి. ముద్దని మూతపెట్టి ఫ్రిజ్‌లో కనీసం అరగంట ఉంచాకే వత్తండి. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇంకొకటుంది: మైదాలో 40 గ్రాములు తగ్గించి ఆ మేరకు పలాస జీడిపప్పు పొడి కలపడం. జీడిపప్పులో గ్లూటెన్ ఉండదు కాబట్టి క్రస్ట్ నోట్లో పెట్టగానే విరుగుతుంది, మామిడికి ఆ రుచి భలే నప్పుతుంది. బద్దలు చాలు, ఖరీదైన గుండ్లు అక్కర్లేదు. మిక్సీని ఆపి ఆపి తిప్పండి, లేకపోతే నూనె వదిలి ముద్దయిపోతుంది.

అడుగు పచ్చిగా ఉండటానికి కారణం తడి. క్రస్ట్‌ని పళ్లెంలో పరిచి, ఫోర్కుతో గాట్లు పెట్టి, బేకింగ్ పేపర్ వేసి, దాని మీద బరువు కోసం శనగలో రాజ్మానో నింపి, ముందే వేడిచేసిన ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు కాల్చండి, తర్వాత గింజలూ పేపరూ తీసేసి రంగు తిరిగేదాకా మళ్లీ పెట్టండి. సువర్ణరేఖ అయినా బంగినపల్లి అయినా గుజ్జుని కాస్త కార్న్‌ఫ్లోర్‌తో దగ్గరపడేదాకా ఉడికించి, పూర్తిగా చల్లారాకే పొయ్యండి. గాజు పళ్లెం కన్నా పల్చటి అల్యూమినియం పళ్లెంలో అడుగు త్వరగా కాలుతుంది.

ప్రశ్న: వెన్న బాగా తగ్గించి, మైదా బదులు గోధుమపిండితో చేస్తే ఒంటికి తేలిక కదా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: వెన్న సగం చేస్తే క్రస్ట్ గట్టిపడిపోతుందండీ, అది తేలిక అనిపించుకోదు. దానికన్నా పైమూత మానేసి అడుగు క్రస్ట్ ఒక్కటే పెట్టండి, దాన్ని 3 మిల్లీమీటర్ల మందాన వత్తండి, వెన్న వాడకం దాదాపు సగానికి తగ్గుతుంది, రుచి పోదు. గోధుమపిండి మూడో వంతు దాకా కలపొచ్చు. అందులోని పొట్టు నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పడతాయి.