మొదటిసారి స్కీయింగ్‌కి కశ్మీర్‌లోని గుల్మార్గ్ సరిపోతుందా, స్విట్జర్లాండ్ వెళ్లాలా?

మీకు స్కీయింగ్ అసలు రాకపోతే, నా ఓటు గుల్మార్గ్‌కే. శ్రీనగర్ నుంచి సుమారు 50 కి.మీ. దూరం. ఊరి పక్కనే ఉన్న తక్కువ వాలులో పడుతూ లేస్తూ నేర్చుకోవచ్చు. స్కీలు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి. బూట్ల దగ్గర మాత్రం తొందరపడకండి. బకిల్స్ బిగించి మోకాళ్లు ముందుకు వంచి చూడండి: మడమ పైకి లేవకూడదు, వేళ్లు కదలాలి. మడమ లేచిందంటే సైజు మార్చమనండి, మొహమాటం వద్దు.

గొండోలా (కేబుల్ కార్) రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. ఎక్కి చూడండి, అద్భుతంగా ఉంటుంది. కానీ అక్కడ మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంది, కొత్తవాళ్లు స్కీల మీద దిగొద్దు. ఫిబ్రవరి మొదట్లో వెళ్లండి. మంచు కురిస్తే విమానాలు రద్దవుతుంటాయి, ఒక రోజు అదనంగా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.