వంగపండును వాగ్గేయకారుడు అనవచ్చా?

సందేహం: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లల చేత వంగపండు ప్రసాదరావు పాటలు పాడిస్తున్నాం. ఫ్లెక్సీలో 'ప్రజా వాగ్గేయకారుడు' అని రాయిస్తామంటే మా పెద్దాయన ఒకరు ఒప్పుకోవడం లేదు. ఆ మాట త్యాగరాజు, క్షేత్రయ్యలకే చెల్లుతుందట. ఊళ్లో ఉన్న వరసలకు మాటలు కట్టినవాణ్ని 'జానపద గాయకుడు' అంటే చాలంటారు. ఏది ఒప్పు?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, ఒడిశా

సమాధానం: మీదే ఒప్పు. 13వ శతాబ్దపు 'సంగీత రత్నాకరం'లో శార్ఙ్గదేవుడు 'వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః' అన్నాడు. పాటలోని మాట మాతువు, వరస ధాతువు. రెండూ తానే కట్టేవాడు వాగ్గేయకారుడు. ఉత్తముడికి ఇంకా చాలా లక్షణాలు చెప్పాడు గానీ, ఆ పేరు రావడానికి ఈ రెండే ఆధారం.

మీ పెద్దాయన అభ్యంతరం మాత్రం తీసిపారేసేది కాదు. ఇంకొకరి ధాతువుకు మాటలు కూర్చేవాణ్ని శార్ఙ్గదేవుడే 'కుట్టికారుడు' అని వేరుచేశాడు. మరి వంగపండు కుట్టికారుడా? కాదనే నా అభిప్రాయం. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన ఆయన చుట్టూ జముకుల కథలున్నాయి. ఒకవైపు తోలు మూసి, దాని మధ్య నుంచి లాగి పట్టిన తీగను మీటుతుంటే పలికే వాద్యం జముకు. శ్రీకాకుళ పోరాటంలో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఆ కథా రూపాన్నే ఎత్తుకున్నాడు. ఆ వరసలు ఏ ఒక్కరి సొత్తూ కావు, భాషలాగే ఊరందరివీ. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోనూ లాలి, హారతి పాటల పోకడ వినిపిస్తుంది. ఆయన్ని కుట్టికారుడని ఎవరైనా అన్నారా?

'జానపద గాయకుడు' అసలు కుదరదు. ఎవరు కట్టారో తెలియకుండా తరాలుగా వస్తున్న పాటను పాడేవాడికి ఆ పేరు. 1972లో విప్లవ కళాకారుల బృందం జననాట్యమండలిని కట్టినప్పుడు వంగపండుకు తోడైన గద్దర్‌నే చూడండి. తన పాట పాడినప్పుడు వాగ్గేయకారుడు. బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' పాడినప్పుడు గాయకుడు, ఎంత గొప్పగా పాడినా సరే.

ఊరి మాటకు రాతలో చోటు కావాలని గిడుగు రామమూర్తి పోరాడింది మీ పర్లాకిమిడి నుంచే. ఆయన జయంతి నాడు పాడే పాటలో 'ఎల్దం' అని ఉంటే పిల్లల చేత 'వెళ్దాం' అనిపించకండి. లయ కుంటుపడుతుంది, పైగా అది వంగపండు మాతువును మార్చడమే.

'ప్రజా' అని ముందు చేర్చడం మీ ఇష్టం, లేకపోయినా లోటు లేదు. వాక్కు, గేయం కలిసిన మాట కాబట్టి 'వాగేయ' అని పడకూడదు. ఫ్లెక్సీ ప్రింటుకు ఇచ్చే ముందు గకారం కింద గ వత్తు ఉందో లేదో చూసుకోండి.