చెవికమ్మలు, కాటా, భోజనపు బల్ల: పరిశుద్ధ జీవితంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు వివాహమై ఏడాది అయింది. పుట్టింటి సంఘంలో ఉన్నప్పుడు చెవికమ్మలు, గాజులు పెట్టుకునేదాన్ని. అత్తవారి ఊరి సంఘంలో నగలు పెట్టుకున్న స్త్రీలకు ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) భాగం ఇవ్వరు. పరిశుద్ధ జీవితమంటే లోకం నుండి వేరుపడటమేనని చెబుతూ పెద్దలు 2 కొరింథీ 6:17 చూపిస్తారు. వారి మాట ప్రకారం నగలన్నీ తీసి పెట్టెలో పెట్టాను. కానీ నాలోని కోపం, తోడికోడలి మీద అసూయ ఏమాత్రం తగ్గలేదు. లేఖనం ప్రకారం పరిశుద్ధ జీవితమంటే ఏమిటో వివరించగలరా?
(ఒక సోదరి, తెనాలి)

జవాబు: సోదరీ, నగలు పెట్టెలోకి వెళ్లినా కోపం, అసూయ లోపలే ఉండిపోయాయని మీరు రాసిన మాటను నేను రెండు మూడుసార్లు చదివాను. తన మనసును అంత నిజాయితీగా చూసుకోగలిగిన మనిషిలో పరిశుద్ధాత్మ ఇప్పటికే పని చేస్తున్నాడని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

మొదట ఆ మాటనే చూద్దాం. పాత నిబంధనలో 'పరిశుద్ధము' అని మనం చదివే హెబ్రీ మాట 'ఖదోష్'. ప్రత్యేకింపబడినది, దేవునికి చెందినది అని దాని భావం. ప్రత్యక్షపు గుడారంలోని (ఇశ్రాయేలీయులు అరణ్యంలో మోసుకెళ్లిన ఆరాధన గుడారంలోని) బంగారు పాత్రలు వేరే రకం బంగారంతో చేసినవి కావు. అవి ఎవరివి అన్నదే వాటిని పరిశుద్ధం చేసింది. పరిశుద్ధతకు మూలం దేవుడు. ఆయనకు చెందిన ప్రజలు ఆయన స్వభావాన్ని పోలి నడుచుకోవాలన్నది ఆ తరువాత వచ్చే ఆజ్ఞ. ఈ వరుసను తారుమారు చేస్తే, దేవునికి చెందడం కోసం మనమే పరిశుద్ధతను సంపాదించుకోవాలన్న భ్రమలో పడతాం. క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక ఆరంభాన్ని గమనించండి. కక్షలు, కోర్టు వ్యాజ్యాలు, తండ్రి భార్యను ఉంచుకున్నవాని విషయంలో మౌనం, ఇన్ని దోషాలున్న ఆ సంఘాన్ని ఆయన 'క్రీస్తుయేసునందు పరిశుద్ధపరచబడినవారు' అని, 'పరిశుద్ధులుగా ఉండుటకు పిలువబడినవారు' అని ఒకే వాక్యంలో సంబోధించాడు. క్రీస్తునందు ఇప్పటికే దొరికిన స్థానం ఒకటి, ఆ స్థానానికి తగినట్టు ప్రతిదినం నడవవలసిన నడక మరొకటి. స్థానాన్ని మరచినవాడు భయంతో కుంగిపోతాడు, నడకను మరచినవాడు కృపను చౌక చేస్తాడు.

ఇక ఆ నడక ఎలా ఉంటుంది? 'మీరు పరిశుద్ధులై యుండవలెను' అన్న ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయం ఆరంభంలో ఉంది. ఆ అధ్యాయం మొత్తాన్ని ఒక్కసారి తీరికగా కూర్చుని చదవమని మిమ్మల్ని, మీ పెద్దలను కూడా కోరుతున్నాను. అందులో విగ్రహాల నిషేధం ఉంది, విశ్రాంతి దినం ఉంది, బలుల నియమాలు ఉన్నాయి. వాటి పక్కనే, అదే పరిశుద్ధత పేరిట, పొలం అంచుల దాకా కోయకుండా కొంత వదలాలని, పరిగెను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని ఉంది. కూలివాని కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకూడదని, చెవిటివాణ్ణి తిట్టకూడదని, గుడ్డివాని దారిలో అడ్డం పెట్టకూడదని, తీర్పులో బీదవాని పక్షం గాని గొప్పవాని పక్షం గాని వహించకూడదని, కొండెములు చెప్పుకుంటూ తిరగకూడదని, హృదయంలో సహోదరుణ్ణి ద్వేషించకూడదని ఉంది. చివరికి త్రాసు, రాళ్లు, తూము, పడి కూడా న్యాయంగా ఉండాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ధాన్యం కాటా దగ్గర తరుగు పేరిట బస్తాకు కొంత కోసుకోవడం మన జిల్లాల్లో ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. వారమంతా అలా కోసుకుని, ఆదివారం తెల్లని బట్టలతో ముందు వరుసలో కూర్చునే విశ్వాసికి లేవీయకాండము ఎదురుపడితే ఆయన పరిశుద్ధత ఏమవుతుంది? సంఘంలో చెవులను పరీక్షించేవారు కాటాను పరీక్షించకపోవడం నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తున్న విషయం.

మీ పెద్దలు చూపిన 2 కొరింథీ 6:17 నిజంగా వేరుపాటును గూర్చినదే. దాన్ని మనం తేలిక చేయకూడదు. 'ప్రత్యేకముగా ఉండుడి' అన్న ఆ పిలుపు యెషయా 52:11 నుండి వచ్చింది. అక్కడ ప్రవక్త, యెహోవా సేవోపకరణాలను మోసుకుంటూ బబులోనును విడిచి బయలుదేరేవారితో మాట్లాడుతున్నాడు. పౌలు దాన్ని విగ్రహారాధనతో పొత్తు, అవిశ్వాసులతో జోడుగా ఉండటం గూర్చి వాడాడు. ఇదే పౌలు ఇదే సంఘానికి మొదటి పత్రిక 5వ అధ్యాయంలో మరొక మాట స్పష్టం చేశాడు. జారులతో సాంగత్యం చేయవద్దని తాను రాసింది ఈ లోకపు జారులను, లోభులను గూర్చి కాదని, అలాగైతే లోకంలోనుండే వెళ్లిపోవలసి వస్తుందని, సహోదరుడనే పేరు పెట్టుకుని అలా జీవించేవానిని గూర్చి చెప్పానని అన్నాడు. ప్రభువు కూడా తన శిష్యులను లోకంలోనుండి తీసుకుపొమ్మని తండ్రిని అడగలేదు. దుష్టుని నుండి కాపాడమని, సత్యమందు ప్రతిష్ఠ చేయమని అడిగాడు (యోహాను 17:15-17). మన దేశంలో వేరుపాటు అనగానే మడి, మైల అన్న పాత ఆలోచన తెలియకుండానే మనసులోకి వస్తుంది. తాకితే మైలపడతామన్న భయం అందులో ఉంటుంది. సువార్తల్లో జరిగింది అందుకు భిన్నం. కుష్ఠరోగిని యేసు తాకినప్పుడు ఆయన అపవిత్రుడు కాలేదు, ఆ రోగి శుద్ధుడయ్యాడు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఆయన వస్త్రాన్ని ముట్టుకున్నప్పుడు ప్రభావం ఆయనలోనుండి ఆమె వైపుకు ప్రవహించింది.

నగల విషయానికి వస్తే, 1 పేతురు 3:3-4 చెప్పేది మీ అలంకారం ఎక్కడ ఉండాలన్నది. జడలు, బంగారు నగలు, వస్త్రాలు ధరించుకోవడం, ఈ మూడింటినీ అపొస్తలుడు ఒకే వరుసలో ఉంచాడు. వస్త్రధారణను ఎవరూ నిషేధమని భావించరు గనుక, ఆ వచనాన్ని నగల మీద మాత్రమే నిషేధంగా చదవడం న్యాయమని నాకు తోచదు. అబ్రాహాము దాసుడు ప్రార్థన చేసి రిబ్కాకు బంగారపు ముక్కు కమ్మిని, కడియాలను ఇచ్చాడు. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని చేతికి తండ్రి ఉంగరం పెట్టించాడు. అయితే సీయోను కుమార్తెల గర్వపు అలంకారాలను యెషయా 3వ అధ్యాయం తీవ్రంగా గద్దించిందని కూడా మరువకూడదు. పక్కింట్లో గంజి లేనప్పుడు మెడనిండా బంగారంతో ఆరాధనకు రావడం సిగ్గనుకుని నగలు మానేసిన భక్తురాండ్రు ఉన్నారు. మా నాయనమ్మ అలాంటిదే. బోసి చెవులతో ఉండేది గాని, కమ్మలు పెట్టుకున్న కోడళ్లను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆమె మనస్సాక్షి ఆమెను నడిపింది. రోమా 14వ అధ్యాయం నేర్పేది అదే, తినువాడు తినని వాని తృణీకరించకూడదు, తినని వాడు తినువానికి తీర్పు తీర్చకూడదు.

చెవికమ్మలున్నందుకు ప్రభువు బల్ల నిరాకరించవచ్చనే ఆధారం లేఖనంలో నాకు కనిపించలేదు. కొరింథులో పౌలు బల్ల దగ్గర గద్దించినది, కలిగినవారు తమ భోజనం ముందే తినేసి లేనివారిని ఆకలితో కూర్చోబెట్టి సిగ్గుపరచడాన్ని. మీ పెద్దలతో మీ భర్తగారిని వెంటబెట్టుకుని మృదువుగా ఈ లేఖనాలు మాట్లాడండి. వారు ఒప్పుకోకపోయినా కొంతకాలం ప్రేమతో నగలు లేకుండా ఉండటం మీకు నష్టం కాదు, అది మీ పరిశుద్ధతకు కొలత అనుకోకుండా ఉంటే చాలు.

మీ అసలు ప్రశ్న అసూయ. కొలొస్సయి 3వ అధ్యాయంలో పౌలు తీసివేయవలసినవాటి పట్టిక ఒకటి, ధరించుకోవలసినవాటి పట్టిక ఒకటి ఇచ్చాడు. కోపం, ఆగ్రహం, దుష్టత్వం, దూషణ తీసివేయాలి. జాలిగల మనసు, దయ, వినయం, సాత్వికం, దీర్ఘశాంతం తొడుక్కోవాలి, వాటన్నిటిపైన ప్రేమను ధరించుకోవాలి. అసూయను ఊరికే అణచిపెడితే అది పోదు, దాని స్థానంలో మరొకటి రావాలి. ఈ వారం మీ తోడికోడలి పేరు ఎత్తి, ఆమెకు ఉన్న ఏ ఒక్క మేలు మిమ్మల్ని బాధిస్తున్నదో ఆ మేలు కోసమే దేవునికి కృతజ్ఞత చెప్పండి. మొదటి రోజు మాటలు గొంతులో అడ్డుపడతాయి. అయినా మానకండి.

ప్రశ్న: నా వయసు 23. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాను. రాత్రిళ్లు ఫోన్‌లో అశ్లీల దృశ్యాలు చూసే అలవాటు ఉంది. ఏడుస్తూ మానేస్తాను, మళ్లీ పడిపోతాను. 'పరిశుద్ధత లేకుండ ఎవడును ప్రభువును చూడడు' అన్న వచనం విన్నప్పుడల్లా నేను నరకపాత్రుణ్ణనే అనిపిస్తుంది. నేను రక్షింపబడ్డానా?
(పేరు రాయవద్దని కోరిన సోదరుడు)

జవాబు: తమ్ముడూ, హెబ్రీ 12:14 కఠినమైన మాటే. దాన్ని మెత్తబరచి నీకు చెప్పను. నీవు చూస్తున్నది పాపమే, దాన్ని బలహీనత అనే మంచి పేరుతో పిలవవద్దు. 1 థెస్సలొనీక 4వ అధ్యాయం మనం పరిశుద్ధులగుటయే దేవుని చిత్తమని చెప్పి, వెంటనే జారత్వానికి దూరంగా ఉండమని, ఈ విషయంలో తన సహోదరునికి ఎవడూ అన్యాయం చేయకూడదని కూడా హెచ్చరిస్తుంది. ఆ తెర మీద ఉన్న స్త్రీ కూడా ఒక తల్లికి కూతురు. ఆమె అక్కడికి ఏ పరిస్థితుల్లో వచ్చిందో చూసేవానికి తెలియదు.

అయితే ఆ వచనం పరిశుద్ధత కోసం 'ప్రయత్నించుడి' అంటుంది. వెంటపడి పరుగెత్తడమని అక్కడి గ్రీకు క్రియకు అర్థం. పడి, ఏడ్చి, లేచి పరుగెత్తేవాడు ఒకడు. పడినచోటే ఇల్లు కట్టుకునేవాడు మరొకడు. నీ ఉత్తరం మొదటివాని ఉత్తరంలా ఉంది. ఈ జీవితంలో విశ్వాసి సంపూర్ణ ప్రేమను, అంటే తెలిసి చేసే పాపం మీద విజయాన్ని, పొందగలడని 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ బోధించాడు. మరణం దాకా పాపంతో పోరాటం ఉంటుందని సంస్కరణ సంఘాల బోధ. ఈ విషయంలో నేను రెండవవారి వైపు మొగ్గుతాను. కానీ పాపంతో రాజీ పడవచ్చని ఈ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. 1 యోహాను మొదటి అధ్యాయం మనలో పాపం లేదని చెప్పుకునేవాడు తన్ను తానే మోసపుచ్చుకుంటున్నాడని, ఒప్పుకునేవానిని క్షమించి పవిత్రపరచడానికి దేవుడు నమ్మదగినవాడని చెబుతుంది. నీ రక్షణకు ఆధారం క్రీస్తు రక్తం. నిన్న రాత్రి నీవు గెలిచావా ఓడావా అన్నదాన్ని బట్టి అది తెల్లవారేసరికి మారిపోదు.

ఇక చేయవలసినది. యజమాని పోతీఫరు భార్య తనతో పాపానికి పిలిచి పట్టుకున్నప్పుడు యోసేపు అక్కడ నిలబడి ప్రార్థన చేయలేదు, వస్త్రం వదిలి పారిపోయాడు. రాత్రి పది గంటలకు ఫోన్‌ను మంచానికి దూరంగా, వీలైతే నమ్మకమైన స్నేహితుని గదిలో ఉంచు. నెట్ ప్యాక్ తగ్గించుకో. మీ పాపాలను ఒకనితో ఒకడు ఒప్పుకోమని యాకోబు 5:16 చెప్పిన ప్రకారం, రహస్యం దాచగల ఒక పెద్దవానితో ఈ సంగతి చెప్పుకో. ఒంటరిగా దాచుకున్నంతకాలం ఈ పాపం బలపడుతుంది. నిజంగా అలవాటు చేయిదాటిందనిపిస్తే వైద్యుని సలహా తీసుకోవడం అవిశ్వాసం కాదు. మనలో ఇష్టాన్నీ కార్యాన్నీ కలుగజేసేవాడు దేవుడే గనుక మన రక్షణను కొనసాగించుకోమని ఫిలిప్పీ 2:12-13 చెబుతుంది. ఆయన పని చేస్తున్నాడన్నదే నీవు ఫోన్ పక్కన పెట్టడానికి కారణం.

ప్రశ్న: మా సంఘంలో రెండు కులాలవారు ఉన్నారు. ఆరాధన కలిసే చేస్తాం. కానీ ఒకరి ఇంటి భోజనానికి మరొకరు వెళ్లరు, పెళ్లి సంబంధాలు అసలే కలుపుకోరు. ఇది పరిశుద్ధతకు సంబంధించిన విషయమా, లేక సామాజిక విషయమా?
(ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా)

జవాబు: పరిశుద్ధతకు సంబంధించినదే. 'నేను పరిశుద్ధుడను గనుక మీరును పరిశుద్ధులై యుండుడి' అన్న మాటను తన పత్రికలో ఉదహరించిన పేతురుకే ఈ పాఠం నేర్చుకోవడం కష్టమైంది. అన్యజనుడైన, అంటే యూదుడు కాని, రోమా శతాధిపతి కొర్నేలీ గడప దాటడానికి ముందు ఆయనకు ఒకే దర్శనం మూడుసార్లు చూపవలసి వచ్చింది. ఏ మనిషినీ అపవిత్రుడని చెప్పకూడదని దేవుడు తనకు చూపించాడని ఆయన ఆ ఇంట్లోనే సాక్ష్యమిచ్చాడు (అపొస్తలుల కార్యములు 10:28). అలాంటివాడు కూడా తరువాత అంతియొకయలో, యెరూషలేము నుండి కొందరు రాగానే అన్యజనుల పంక్తిలోనుండి లేచి వెనక్కు తగ్గాడు. అది సువార్త సత్యాన్నిబట్టి నడవడం కాదని పౌలు అందరి ఎదుట ఆయనను ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2:11-14). కలిసి ఆరాధన చేస్తున్నాం గదా అని పౌలు సరిపెట్టుకోలేదు.

ఇశ్రాయేలు ప్రధాన యాజకుని పాగాకు కట్టిన బంగారు రేకు మీద చెక్కిన మాట, జెకర్యా 14:20లో గుర్రాల కళ్లెముల మీద రాయబడుతుందని ఉంది. హెబ్రీలో రెండుచోట్లా ఒకటే మాట, యెహోవాకు ప్రతిష్ఠితము అని. ఆ తరువాతి వచనంలో యెరూషలేములోని వంటపాత్రలన్నీ కూడా ప్రతిష్ఠితాలవుతాయని ప్రవక్త చెప్పాడు. మీరు సంఘంలో పెద్దవారు గనుక, అయ్యగారితో మాట్లాడి వచ్చే నెల ప్రేమవిందును మందిరం ఆవరణలో కాకుండా, ఇంతవరకు ఎవరూ వెళ్లని ఇంట్లో, ఆ ఇంటివారి గిన్నెల్లో వండించి పెట్టించండి. మొదటి పంక్తిలో మీరు కూర్చోండి.