వెనిగర్‌తో తుప్పు తీసిన ప్లేనర్ (చెక్కను చిత్రిక పట్టే యంత్రం) బ్లేడు మర్నాటికే మళ్లీ తుప్పు పడుతోంది, ఎందుకు?

వెనిగర్ ఉన్న తుప్పును తీస్తుందే కానీ కొత్తది పట్టకుండా ఆపదు. దానిలోని ఆమ్లం తుప్పును కరిగించి, ఏ పూతా లేని ఇనుమును బయటపెడుతుంది. దానికి తేమ, గాలి తగిలితే చాలు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరప్రాంతాల ఉప్పుగాలికైతే కొన్ని గంటల్లోనే ఎర్రబడవచ్చు. కడగకుండా ఆమ్లం మిగిలితే మరీ త్వరగా.

ఉదాహరణకు, పాత ప్లేనర్ బ్లేడును రాత్రంతా నానబెట్టారనుకోండి. తీయగానే బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడిగి, వెంటనే తుడిచి పూర్తిగా ఆరబెట్టి, పల్చగా మిషన్ ఆయిల్ రాయాలి. ప్లేనర్‌లో చెక్క ఆనే ఇనుప బల్లకు మాత్రం మైనమే మేలు. నూనె అయితే పనస చెక్కకు మరక పడుతుంది.

ఎక్కువ రోజులు నానితే ఇంకా శుభ్రపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తుప్పు అయిపోయాక ఆమ్లం మంచి ఇనుమునే తినడం మొదలుపెడుతుంది.